మందలో నిలవని మేక

కదిరి నరసింహస్వామి సాక్షిగా చెబుతున్నాను, ఈ కింద రాసిందంతా అక్షరాలా జరిగింది. ఇందులో ఒక్క మాట కల్పించి ఉంటే రేపటి నుంచి రాగిముద్ద నా గొంతు దిగకుండా పోవాలి. ఇంత పెద్ద ఒట్టు ఎందుకంటే, హిందూపురంలో నన్నెరిగినవాళ్లు నేను "వాన వస్తాండాది" అన్నా సరే, ముందు బయటికొచ్చి ఆకాశం చూసుకొని గానీ ఆరేసిన బట్టలు తీయరు. యాభై దాటీ దాటకముందే రిటైరయ్యానన్నా నమ్మరు. అది మాత్రం నా తప్పు కాదు. నాకంటే ముందు మా కంపెనీ రిటైరయింది.

ఆ కంపెనీ హిందూపురం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు. నేను అందులో ఫీల్డ్ టెక్నీషియన్ని. మేము సబ్బుపెట్టె అంతంత రేడియో పెట్టెలు తయారుచేసేవాళ్లం. వాటికి టవరుతో పనిలేదు. ఒక పెట్టె చెప్పింది పక్క పెట్టె వింటుంది, విని తన పక్కదానికి చెబుతుంది. ఇంటికి స్లాబు వేసే రోజు మీరు చూసే ఉంటారు. కింద కాంక్రీటు కలిపేచోటి నుంచి మిద్దె పైదాకా మనుషులు వరసగా నిలబడి తట్టలు అందిస్తారు. మా పెట్టెల పనీ అదే, తట్టకు బదులు మాట. తేడా ఒక్కటే. స్లాబు కూలీలు నిలబడ్డచోటే నిలబడతారు, మా పెట్టెలు కదిలేవాటి మెడలకు కడతాం. వరసలో ఒకడు బీడీ కోసం పక్కకు పోయాడనుకోండి. వాడు ఇంకా అక్కడే ఉన్నాడనుకొని వెనకవాడు తట్ట అందిస్తాడు. తట్ట నేలపాలు. ఈ పనిలో చేరబోయే పిల్లలకు నేను చెప్పేదేమంటే, పుస్తకాల్లో దీనికి ఎన్ని పేర్లు పెట్టినా మన విద్యలో కష్టమంతా ఆ బీడీకి పోయినవాడే.

మా టీముకు పెద్ద ఒక మేడం. ధర్మవరం మనిషి, వాళ్ల నాయన మగ్గం మీద పట్టుచీరలు నేసినవాడు. నేను కొత్తగా చేరినప్పుడు నాకు పని నేర్పుతూ ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"పోగు తెగితే మా నాయన అతుకుతాండె. తెగిన కొన యాడుందో తెలుసు కాబట్టి అతికే. మనకు ఈడ మగ్గమే నడుస్తాండాది అన్నా. కొన యాడని ఎతుకుతావు?"

మొదట ధర్మవరంలోనే ఆటోలకు కట్టి చూశాం. బ్రహ్మాండంగా పనిచేసింది. ఒక ఆటో రైల్వే స్టేషను వైపు పోతే దాని బదులు ఇంకో ఆటో వచ్చి నిలబడేది. తట్ట పట్టే చెయ్యి ఎప్పుడూ ఒకటి దొరికేది. ఆ గెలుపుతో మా తలలు కాస్త పైకి లేచాయి. పెనుకొండ కొండ వెనక ఫోను పలకని చోట్ల గొర్రెల మందలు మేస్తాయి, వాటికి కట్టి చూద్దాం అనుకున్నాం. కాపరి నడుముకొక పెట్టె, దానికి ఎర్ర బటను. ఆపదొస్తే నొక్కాలి. ఆ కబురు గొర్రె నుంచి గొర్రెకు, మంద నుంచి మందకు దాటుకుంటూ కొండ కింద నిలబెట్టిన మా వ్యానుకు చేరాలి.

గొర్రెలు ఆటోలు కావని మాకు తెలియదా అంటే తెలుసు. కానీ ఆ తెలిసినదాన్ని హిందూపురంలోనే మరిచిపోయి పోయాం. ఆటో దేని దావన అది పోతుంది. గొర్రెలు పోతే అన్నీ కలిసి పోతాయి. మంద ఒక వంపు తిరిగిందంటే పెట్టెలన్నీ ఒక్కసారే మాయం.

మేము మొదట కట్టిన మంద ఒక నడివయసు భార్యాభర్తలది. భర్త మాట తక్కువ మనిషి. ఆయన బదులు కూడా భార్యే మాట్లాడేది. మేము గొర్రెల మెడలకు పెట్టెలు కడుతుంటే నడుము మీద చేతులు పెట్టుకొని చూసి, "ఏమన్నా, మా గొర్లకు తాళి కడతాండారా? ఇన్నిటిని ఎట్ల సాకుతావప్పా?" అంది. ఆమె తమ్ముడు, పెళ్లికావలసిన పిల్లోడు, పడీపడీ నవ్వాడు.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం వ్యానులోని తెర మీద ఆ మంద చుక్కలన్నీ ఆరిపోయాయి. గుండెలు చేతబట్టుకొని కొండెక్కాం. పోయి చూస్తే గొర్రెలన్నీ ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చి ముద్దగా నిలబడి ఉన్నాయి. చెట్టు లేని చోట ఎండకు గొర్రెలు అట్లాగే ఒకదానికొకటి నీడవుతాయి. మెడ కిందనున్న పెట్టెలన్నీ ఒళ్ల మధ్య ఇరుక్కుపోయి మూగబోయాయి. మా వ్యాను డ్రైవరు రొళ్ల మనిషి, సగం మాట కన్నడంలో ఉంటుంది. ఎగరొప్పుతూ బండ మీద కూలబడి, "సుమ్నే, ఊరికే, వాటిని నిద్రపోనీకుండా, మన నిద్ర మనం పోకుండా, ఇదేం ఉద్యోగమప్పా" అన్నాడు. అప్పటినుంచి మధ్యాహ్నం తెర ఆరిపోతే మేము కంగారుపడటం మానేశాం. గొర్రెల భోజన విరామం అని పేరు పెట్టుకొని మేమూ టిఫిను డబ్బాలు తెరిచేవాళ్లం. ఈ అలవాటును గుర్తుపెట్టుకోండి. కథలో భయమంతా ఇక్కణ్ణుంచే వస్తుంది.

ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి. మా వైపు గొర్రెల మందలో ఎప్పుడూ నాలుగైదు మేకలు కలుపుతారు. గొర్రె ముందడుగు వేయదు, మేక వేస్తే వెనక పోతుంది. ఈ మందలో ఒక నల్లమేక ఉండేది, ఒక కొమ్ము సగానికి విరిగింది. అది ముందు నడవదు, వెనక నడవదు, అసలు మందలోనే ఉండదు. బండలెక్కేది, పక్క మందలోకి పోయేది, మళ్లీ వచ్చేది. అది ఎత్తులో నిలబడినప్పుడల్లా మా పెట్టెలన్నీ "ఇదే మంచి దావ" అని దాని మీదుగా మాట పంపేవి. పంపేలోపు అది ఉండదు. మా బీడీ కూలీ అదే. చూసిచూసి మేడం తేల్చేసింది, "ఆ మేక మెడలో పెట్టె తీసేయ్ అన్నా. అదొక్కటి పోతే మన నెట్‌వర్కు బాగుపడతాది."

తీయడానికి పోయింది నేనే. వేపరెమ్మ చూపించాను, రాదు. ఉప్పు చూపించాను, ఉప్పు నాకి పారిపోయింది. పలుపుతాడుతో వెంటపడితే ఒక బండ మీదికెక్కి నా వైపు తిరిగి నములుతూ నిలబడింది. కాపరి భార్య కింద నుంచి, "నిన్ను చూస్తే మాకే నవ్వొస్తాంది, దానికి రాదా అన్నా?" అంది. వారం గడిచింది, పెట్టె మేక మెడలోనే ఉంది. మేడం అడిగినప్పుడల్లా రేపు అనేవాణ్ణి.

ఆ రోజు ఎండాకాలం చివర. అంతకు ముందు నుంచే కొండ వెనక ఎలుగుబంటి తిరుగుతోందని మాట. కోనలో అడుగులు చూశామని ఒకరు, పుట్ట తవ్వి పోయిందని ఒకరు. కాపరిని పోవద్దని మేమూ చెప్పాం. ఆ మాట తక్కువ మనిషి ఆ రోజు ఒక్క మాట అన్నాడు, "ఎలుగొడ్డు ఉండాదని గొర్లు పస్తుంటాయా?" నడుముకు పెట్టె కట్టుకొని, కర్ర తీసుకొని, మందను తోలుకుపోయాడు.

మధ్యాహ్నం తెర ఆరిపోయింది. మేము అన్నం తిన్నాం. డ్రైవరు వ్యాను కింద నీడలో కునుకు తీశాడు. కాసేపటికి నీడలు పొడుగయ్యాయి, తెర వెలగలేదు. మేడం ఒకసారి చూసింది. "ఎండ ఇంకా తగ్గలేదు గదా" అన్నాను నేను. అప్పుడే కాపరి భార్య, తమ్ముణ్ణి వెంటబెట్టుకొని గబగబా వచ్చింది. ఆమె మొహంలో ఎప్పుడూ ఉండే ఎగతాళి లేదు.

"మా ఆయప్ప గొర్లను నీళ్లకు దింపలేదన్నా. ఇంతసేపు ఎప్పుడూ దింపకుండా ఉండడు. మీ టీవీలో యాడుండాడో చూడు."

మేడం తెర ఆమె వైపు తిప్పబోయి ఆగింది. చూపడానికి ఏమీ లేదు. ఆ క్షణాన తెర మీద ఎర్ర చుక్క వెలిగింది. ఆపద బటను!

మేడం చప్పున ఆ కబురు వచ్చిన దావ చూసింది. మందలోని ఏ గొర్రె నుంచీ రాలేదు. నల్లమేక పెట్టె నుంచి పక్క మందకు, అక్కడి నుంచి మాకు వచ్చింది. దానర్థం తెలిసేసరికి ఆమె గొంతు తగ్గిపోయింది. పక్కన వినేవాళ్లు ఎవరూ లేనప్పుడు మా పెట్టె మాటను తనలోనే దాచుకొని, ఎవరైనా ఎదురైనప్పుడు చెబుతుంది. మేక ఈ కబురును మోసుకొని ఎంతసేపు తిరిగిందో, ఎక్కడెక్కడ తిరిగిందో మాకు తెలియదు. అతను బటను నొక్కింది ఇప్పుడు కాదు. ఎప్పుడో.

"ఉండాడా?" అని అడిగింది కాపరి భార్య. రెండు మాటలు కూడా కాదు, ఒక్క మాట.

నేను, డ్రైవరు, ఆమె తమ్ముడు ముగ్గురం తలా ఒక పెట్టె నడుముకు కట్టుకొని, ఫోన్లు పెట్టెలకు జతచేసుకొని కొండెక్కాం. అట్లా జతచేస్తే ఫోన్లో రాసిన నాలుగు మాటలు పెట్టె నుంచి పెట్టెకు పోతాయి. మేడం, కాపరి భార్య వ్యాను దగ్గర ఉన్నారు. భయం ఉన్నవాడు ఏం చేస్తాడు? పరుగెత్తుతాడు. ముగ్గురం పరుగెత్తాం. ఒకడు ముందు, ఒకడు వెనక, మళ్లీ వెనకవాడు ముందు. మొదటి వంపు దాటేసరికి మేడంకు మా ముగ్గురిలో ఒక్కరూ కనిపించకుండా పోయారు. నా పెట్టె డ్రైవరు ఇంకా నా వెనకే ఉన్నాడనుకొని వాడికి చెబుతోంది, వాడి పెట్టె నేను వాడి వెనక ఉన్నాననుకొని నాకు చెబుతోంది. ఇద్దరి మధ్య కబురు ఊయలూగుతోంది. ఆయాసం తీర్చుకోడానికి ఆగినప్పుడు గానీ మేడం రాసింది మాకు అందలేదు.

"పరుగెత్తొద్దు. ఒక్కొక్కరు ఒక్కోచోట నిలబడండి. చివరివాడే ముందుకు పోవాలి. మిగతావాళ్లు కదలొద్దు."

చదివినంత సులువు కాదది. ఎలుగుబంటి తిరిగే కొండ మీద ఒక్కొక్కణ్ణి ఒంటరిగా వదిలిపెట్టి పోవడం. మొదటి చోటు డ్రైవరుది.

"నన్ను ఈడ ఇడిసిపెట్టి పోతారా? నేను స్టీరింగు పట్టుకునేవాణ్ణి, సింహాల్ని పట్టుకునేవాణ్ణి కాదప్పా" అన్నాడు.

"ఎలుగొడ్డే అన్నా, సింహం కాదు" అన్నాడు కాపరి బామ్మర్ది.

"అయ్యో, ఎంత ధైర్యం చెప్పినావు నాయనా!"

అయినా నిలబడ్డాడు. ఇంకా పైకి, రెండు బండల మధ్య సందులో నా చోటు కుదిరింది. పెట్టె మీద రెండు దీపాలు. కింది దీపం పచ్చగా ఉంటే డ్రైవరు అందుతున్నట్టు, పై దీపం పచ్చగా ఉంటే ముందుపోయే పిల్లోడు అందుతున్నట్టు. రెండూ పచ్చగా వెలిగిన చోటు అదొక్కటే. ఒక అడుగు అటు వేస్తే ఒకటి ఎర్రబడుతుంది, ఇటు వేస్తే ఇంకొకటి. నా ఖర్మకు ఆ చోటు ఎదురుగా సీతాఫలం పొదలు, మనిషెత్తున, లోపల ఏముందో కనపడనంత దట్టంగా.

"నేను పోతాండా అన్నా, నువ్వు కదలాకు" అని కాపరి బామ్మర్ది కర్ర పట్టుకొని పైకి పోయాడు. వాడి చెప్పుల చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత అదీ లేదు.

పిల్లలూ, అప్పటిదాకా నేను ఎన్నో భయాల గురించి కథలు చెప్పాను. అన్నీ పరుగెత్తే భయాలు. నిలబడే భయం అప్పుడే తెలిసింది. పరుగెత్తేవాడికి కాళ్లకు పని ఉంటుంది. నిలబడ్డవాడికి చెవులకే పని. ఆకు రాలితే వింటాను. తొండ పాకితే వింటాను. నా గుండె కొట్టుకుంటే పొదలో ఎవరో నడుస్తున్నారనుకొని ఊపిరి బిగబట్టాను. ఊపిరి బిగబడితే గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంది.

పై దీపం ఎర్రబడింది.

పిల్లోడు గట్టు దాటాడు. ఇక అతను ఏం చూసినా, ఏం రాసినా నాకు చేరదు. ఏం చేయాలి? పైకి పోతే అతను దొరుకుతాడేమో, డ్రైవరు తెగిపోతాడు. డ్రైవరును పట్టుకొని ఉంటే పిల్లోడు తెగిపోయినట్టే. కింద వ్యాను దగ్గర ఒకామె ఒక్క మాట అడిగి నిలబడి ఉంది. పైన ఒక పిల్లోడు ఆ మాటకు బదులు చేతిలో పెట్టుకొని ఉన్నాడో, లేక ఎలుగుబంటి ఎదురుగా ఉన్నాడో. మధ్యలో నేను. కదలొద్దని మేడం మాట. కదలమని ఒంట్లోని ప్రతి ఎముకా చెబుతోంది, అదీ పైకి కాదు, కిందికి. నిజం చెబుతున్నాను, ఒక కాలు కిందికే తిరిగింది.

అప్పుడు పొదలు కదిలాయి.

గాలి లేదు. పొదలు ఒకేచోట, కింద నుంచి పైకి కదిలాయి. ఏదో బరువైనది కొమ్మలు తోసుకుంటూ వస్తోంది. నల్లటి ఒళ్లు కనిపించింది. ఎలుగుబంటి! నాకంటే జానెడు ఎత్తు, రొమ్ము మీద తెల్లటి మచ్చ, ఒక్కో గోరు కొడవలంత. నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది. నేను కదలలేదు. దాని కళ్లలోకి చూశాను. అది నా కళ్లలోకి చూసింది. ముందుకు వంగి నా చెయ్యి వాసన చూసింది. తడి ముక్కు వేళ్లకు తగిలింది. సరిగ్గా అప్పుడే పై దీపం పచ్చగా వెలిగింది. ఎందుకు వెలిగిందని అడగొద్దు, చెబుతాను. అంత పెద్ద ఒళ్లు అడ్డం నిలబడేసరికి గట్టు వెనక నుంచి వచ్చే తరంగం దానికి తగిలి, వంగి, నా పెట్టెలోకి దూరింది. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఫోను నా జేబులో వణికింది. కబురు నన్ను దాటుకొని కిందికి పోయింది, డ్రైవరును దాటి, వ్యానుకు.

"ఉండాడు. కాలు విరిగింది. వెనక దావకు బండి పంపండి."

తర్వాత మేడం చెప్పింది, కాపరి భార్య చదువుకోలేదు గానీ తెర మీద అక్షరాలు పడగానే మేడం మొహం చూసి, మొదటి మాట చదవకముందే నేల మీద కూర్చుండిపోయిందట. మేడం పిలిపించిన అంబులెన్సు మేము ఎక్కిన దావ దగ్గరే నిలబడి ఉంటే ఆ మనిషిని మోసుకొని కొండ ఈ వైపు తిప్పి తేవలసి వచ్చేది, రక్తం కారుతున్న కాలుతో. కబురు అందింది కాబట్టి బండి వెనక దావకు పోయింది. పొద్దు గుంకకముందే హిందూపురం ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పుడు కాస్త కుంటుతూ నడుస్తాడు. మాట మాత్రం ఇంకా తక్కువే.

పైన జరిగింది అతనే ఆసుపత్రిలో చెప్పాడు. ఎలుగుబంటి కోనలోంచి రావడం చూసి గొర్రెలన్నీ ముద్దయ్యాయి. తలలు లోపలికి, ఒళ్లు బయటికి. భయానికీ గొర్రె చేసేది ఎండకు చేసేదే. తెర మీద రెండూ ఒకటే, చీకటి. మేము భోజన విరామం అనుకున్నది ఆ భయాన్నే. మందను వదలలేక అతను వెనక్కి అడుగులేస్తూ బండ మీది నుంచి జారి సందులో పడ్డాడు. పడి బటను నొక్కాడు. చుట్టూ ఉన్న గొర్రెలన్నీ మూగవి. మందలో నిలవని నల్లమేక ఒక్కటే ఎలుగుబంటిని చూసి పరుగు తీసింది, అతని కబురు మెడలో వేసుకొని. అది విని మేడం, "కదిలేదాన్ని కట్టేయాలనే చూసినాం మనం" అంది.

ఇక ఒట్టు సంగతి. రాగిముద్ద అంటే నాకు ప్రాణం, అందుకని ఇది కూడా రాసేస్తున్నాను. ఎలుగుబంటి నా ముందుకు రాలేదు. అది నేను కల్పించాను. ఎలుగుబంటి ముందు నిలబడ్డానంటే పెళ్లిళ్లలో ముందు వరసలో కుర్చీ వేస్తారు. ఉన్నది ఉన్నట్టు చెబితే వేయరు.

ఉన్నది ఇది. పొదలు కదలగానే నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. దేని కళ్లలోకీ చూడలేదు. చేతికి తడి ముక్కు తగిలింది, ఆ మాట నిజం. అయిపోయింది అనుకున్నాను. ఎంతసేపటికీ ఏమీ కాకపోతే కళ్లు తెరిచాను. సగం కొమ్ము. ఉప్పు కోసం నా అరచెయ్యి నాకుతోంది. గట్టు అవతల పిల్లోడు ఎవరికీ అందక రాసి పెట్టుకున్న మాటను అతని పెట్టె నుంచి విని, మోసుకొని, తిరిగి తిరిగి నా దగ్గరకు వచ్చింది. పై దీపం అందుకే పచ్చబడింది. మాట పూర్తిగా దిగాలంటే అది ఇంకొంచెంసేపు నా పక్కన ఉండాలి, అది ఎక్కడా ఉండే రకం కాదు.

వారం రోజులు తాడుతో, ఉప్పుతో వెంటపడి ఆ మేకను పట్టుకోలేకపోయినవాణ్ణి, అప్పుడు రెండు చేతులూ దాని మెడ చుట్టూ వేసి, మోకాళ్ల మీద కూర్చొని, గట్టిగా హత్తుకున్నాను. విడిపించుకోలేదు. అదీ ఎలుగుబంటిని చూసి వచ్చిందే కదా. ఫోను వణికి ఆగిపోయిన తర్వాత కూడా వణుకు ఆగలేదు. ఇద్దరిలో ఎవరిదో నాకు తెలియలేదు.